దుబాయికి ఎంత దూరం? ఎన్ని గంటలు?



మీరు బస్సు బోర్డు చదవడం నేర్చుకున్నారు. కరెంటు బిల్లు చదువుతున్నారు. ఈ పాఠంలో ఇంకొక కాగితం చదువుదాం. అది విమానం టికెట్టు.

"మాకెందుకమ్మా విమానం టికెట్టు?" అంటారేమో. మన తెలుగువాళ్ళలో పని కోసం గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయికి పోతారు. కడప వైపు నుంచి కువైట్‌కు పోతారు. అక్కడికి ఇంటిపనికి పోయే ఆడవాళ్ళూ ఉన్నారు. మల్కాజ్‌గిరిలో మన పక్కింట్లోనో, మన ఇంట్లోనో ఇట్లాంటి టికెట్టు ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుంది. ఆ కాగితం మనం చదవగలిగితే ఇంకొకరి నోటి మాట మీద ఆధారపడే పని ఉండదు.

ముందు ఒక పొడుపు లెక్క.

ఒక టికెట్టు మీద ఇట్లా ఉంది అనుకోండి. హైదరాబాదులో బయలుదేరేది పొద్దున 10 గంటలకు. దుబాయిలో దిగేది మధ్యాహ్నం 12:30కి.

తిరిగి వచ్చే టికెట్టు మీద ఇట్లా ఉంది. దుబాయిలో బయలుదేరేది రాత్రి 10 గంటలకు. హైదరాబాదులో దిగేది తెల్లవారుజామున 3 గంటలకు.

వేళ్ళ మీద లెక్క పెట్టండి. పోవడానికి రెండున్నర గంటలు. రావడానికి ఐదు గంటలు! ఊళ్ళు అవే. దారి అదే. విమానమూ అట్లాంటిదే. మరి రావడానికి రెండింతలు ఎందుకు పట్టింది?

నిజానికి పట్టలేదు. అచ్చులో తప్పు కూడా లేదు. ఈ చిక్కుముడి విప్పాలంటే దూరం, వేగం, గడియారం, ఈ మూడింటి సంగతీ తెలియాలి. ఒక్కొక్కటే చూద్దాం.

దూరం సంగతి

మన పెద్దవాళ్ళు విమానాన్ని గాలిమోటరు అనేవాళ్ళు. మోటరే, కానీ దానికి రోడ్డు లేదు. కొండ అడ్డం రాదు. ఏరు అడ్డం రాదు. అందుకే గాలిలో దూరం వేరు, నేల మీద దూరం వేరు.

ఇదివరకు మన విమానాశ్రయం బేగంపేటలో ఉండేది. సికింద్రాబాదు పక్కనే కాబట్టి మనకు దగ్గర. 2008 మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్ నుంచే పోతున్నాయి. మల్కాజ్‌గిరి నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి కాకి ఎగిరినట్టు పోతే పాతిక కిలోమీటర్లే. కానీ రోడ్డు మీద పోతే మలుపులూ చుట్టు దారులూ కలిసి దాదాపు 35 కిలోమీటర్లు అవుతుంది.

ఢిల్లీ సంగతి కూడా ఇంతే. రైలు దారిలో హైదరాబాదు నుంచి ఢిల్లీకి సుమారు 1,670 కిలోమీటర్లు. గాలి దారిలో సుమారు 1,260 కిలోమీటర్లే.

మరి దుబాయి? హైదరాబాదు నుంచి దుబాయికి గాలిలో సుమారు 2,550 కిలోమీటర్లు. అంటే ఢిల్లీకి ఉన్న గాలి దూరానికి రెండింతలు. మధ్యలో అరేబియా సముద్రం ఉంది. దుబాయి మనకు పడమర దిక్కున, కొంచెం ఉత్తరానికి ఉంటుంది. పొద్దు కుంకే దిక్కు అన్నమాట. ఈ దిక్కు గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

వేగం సంగతి

మన బస్సు గంటకు 50 కిలోమీటర్లు పోతుంది అనుకుందాం. సముద్రం మీద రోడ్డు ఉంటే, ఆ బస్సు ఎక్కడా ఆగకుండా పోతే, దుబాయి చేరడానికి 51 గంటలు పడుతుంది. అంటే రెండు పగళ్ళు, రెండు రాత్రులు, ఇంకో మూడు గంటలు.

పెద్ద విమానం పైకి పోయాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. నేలకు 10 కిలోమీటర్ల పైన ఎగురుతుంది. అక్కడ గాలి పలచగా ఉంటుంది. పలచని గాలిలో అడ్డు తక్కువ. నీళ్ళలో నడవడానికీ నేల మీద నడవడానికీ తేడా ఉంది కదా, అట్లాగే.

గంటకు 850 కిలోమీటర్ల లెక్కన 2,550 కిలోమీటర్లకు మూడు గంటలు చాలు. కానీ పోయేటప్పుడు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఎందుకంటే:

విమానం ముందు నేల మీద మెల్లగా నడుస్తుంది. తన వంతు వచ్చేదాకా ఆగుతుంది.

పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ అంత వేగం ఉండదు.

పైన వీచే గాలి కూడా లెక్కలోకి వస్తుంది. మన దేశానికి ఉత్తరంగా, అంత ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుంచి తూర్పుకు గట్టిగా వీస్తుంది. దుబాయికి పోయే విమానానికి అది ఎదురుగాలి. తిరిగి వచ్చే విమానానికి అదే వెనుకగాలి, వెనక నుంచి తోస్తుంది. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాళ్ళకు ఇది చెప్పక్కర లేదు. అందుకే రావడానికి సుమారు మూడున్నర గంటలే పడుతుంది.

చూశారా? టికెట్టు చూస్తే పోవడం తొందరగా, రావడం ఆలస్యంగా అనిపించింది. నిజం దానికి తలకిందులు!

రెండు గడియారాలు

మనం సికింద్రాబాదులో రైలెక్కి ఢిల్లీలో దిగినా, చెన్నైలో దిగినా గడియారం ముల్లు తిప్పుకునే పని లేదు. మన దేశం అంతటికీ గడియారం ఒక్కటే. అందుకే ఊరు మారితే గడియారం మారుతుందనే అలవాటు మనకు లేదు.

కానీ పొద్దు మాత్రం అన్ని ఊళ్ళల్లో ఒకేసారి పొడవదు. భూమి బొంగరంలాగా తిరుగుతుంది. పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందుకని తూర్పున ఉన్న ఊరు ముందు వెలుగులోకి వస్తుంది. కాకినాడ మనకు తూర్పున ఉంది. అక్కడ పొద్దు పొడిచిన దాదాపు పావుగంటకు మల్కాజ్‌గిరిలో పొడుస్తుంది.

భూమి ఒక చుట్టు తిరగడానికి 24 గంటలు. చుట్టు అంటే 360 భాగాలు అని లెక్క. వీటిని డిగ్రీలు అంటారు. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. దుబాయి మనకు 23 డిగ్రీలు పడమరకు ఉంది. 23ను 4తో గుణించండి. 92 నిమిషాలు. అంటే దాదాపు గంటన్నర. మనకు పొద్దు నడినెత్తికి వచ్చిన గంటన్నరకు వాళ్ళకు వస్తుంది.

అందుకే దుబాయి గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనక ఉంటుంది. మనకు పొద్దున 10 గంటలైతే అక్కడ ఎనిమిదిన్నర.

మన దేశం గడియారాన్ని 82 డిగ్రీల 30 నిమిషాల రేఖను బట్టి పెట్టారు. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. దుబాయి వాళ్ళ గడియారం వేరే రేఖను బట్టి నడుస్తుంది.

చిక్కుముడి విప్పుదాం

ఇప్పుడు అసలు మాట. టికెట్టు మీద ఏ ఊరి పక్కన ఏ టైము వేస్తారో, అది ఆ ఊరి గడియారం టైము. బయలుదేరే టైము బయలుదేరే ఊరిది. దిగే టైము దిగే ఊరిది. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

పోయే లెక్క చూడండి. దుబాయిలో దిగేది అక్కడి 12:30కి. దానికి గంటన్నర కలపండి. మన గడియారంలో 2 గంటలు. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఎంత? నాలుగు గంటలు.

వచ్చే లెక్క చూడండి. దుబాయిలో బయలుదేరింది అక్కడి రాత్రి 10 గంటలకు. గంటన్నర కలపండి. మన గడియారంలో రాత్రి పదకొండున్నర. అప్పటి నుంచి తెల్లవారుజామున 3 దాకా ఎంత? మూడున్నర గంటలు.

రెండు టైములనూ ముందు మన గడియారంలోకి మార్చుకోవాలి. ఆ తర్వాతే తీసివేయాలి. తూకం వేసేటప్పుడు రెండు పక్కలా ఒకే రకం రాళ్ళు ఉండాలి కదా, ఇదీ అంతే.

మిగతా ఊళ్ళ లెక్కలు

గల్ఫ్‌లో మనవాళ్ళు పోయే మరికొన్ని ఊళ్ళకు హైదరాబాదు నుంచి గాలి దూరం, నేరుగా పోయే విమానానికి పట్టే టైము ఇవి. అన్నీ సుమారు లెక్కలే.

మస్కట్: 2,200 కిలోమీటర్లు. మూడున్నర గంటలు. గడియారం గంటన్నర వెనక.

దోహా: 2,900 కిలోమీటర్లు. నాలుగున్నర గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక.

కువైట్: 3,370 కిలోమీటర్లు. ఐదు గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక.

రియాద్: 3,390 కిలోమీటర్లు. ఐదు గంటలు. గడియారం రెండున్నర గంటలు వెనక.

వీటన్నిటికన్నా చాలా దూరం అమెరికా. అక్కడ షికాగో అనే ఊరు ఉంది. మనకు సుమారు 13,300 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే షికాగో పోవడమంటే భూమి చుట్టూ మూడో వంతు తిరిగినట్టే. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి షికాగోకు ఎయిర్ ఇండియా ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. అది తర్వాత ఆగిపోయింది. అమెరికా పోయేవాళ్ళు దారిలో ఒక ఊళ్ళో దిగి ఇంకో విమానం ఎక్కుతుంటారు. అందుకని మొత్తం ప్రయాణం ఇరవై గంటలు దాటిపోతుంది.

అర్ధరాత్రి తారీకు: ఇక్కడ జాగ్రత్త!

గల్ఫ్‌కు పోయే విమానాలు చాలావరకు రాత్రి పూట, తెల్లవారుజామున ఉంటాయి. ఇక్కడే చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారు.

మన లెక్కలో పొద్దు పొడిస్తేనే కొత్త రోజు. పంచాంగం లెక్కా అంతే. "శుక్రవారం రాత్రి ఒంటిగంటకు" అంటాం. కానీ ఇంగ్లీషు తారీకు పొద్దు కోసం ఆగదు. రాత్రి 12 దాటగానే మారిపోతుంది. ఆసుపత్రిలో రాత్రి పన్నెండున్నరకు బిడ్డ పుడితే కాగితం మీద మరుసటి తారీకే వేస్తారు. టికెట్టు కూడా ఆ కాగితం లాంటిదే.

టికెట్టు మీద 15వ తారీకు, శనివారం, 00:30 అని ఉంది అనుకోండి. చాలామంది శనివారం పగలంతా సామాను సర్దుకుని, బంధువులకు భోజనం పెట్టి, శనివారం రాత్రి బయలుదేరుతారు. అప్పటికి విమానం పోయి ఒక రోజు అవుతుంది! టికెట్టు డబ్బు పోయినట్టే. పనిలో చేరవలసిన తారీకు తప్పుతుంది. అప్పు చేసి కొన్న టికెట్టు అయితే ఆ ఇంటి గతి ఏమిటి?

సరైన లెక్క ఇది. 15వ తారీకు 00:30 అంటే 14వ తారీకు, శుక్రవారం, అర్ధరాత్రి దాటిన అరగంటకు. పరదేశం పోయే విమానానికి మూడు గంటల ముందు చేరాలని చెప్తారు. అంటే శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు శంషాబాద్‌లో ఉండాలి. దారికి రెండు గంటలు వేసుకోండి. శుక్రవారం సాయంత్రం ఏడున్నరకే మల్కాజ్‌గిరి వదలాలి.

టికెట్టు మీద టైము 00 తోనో, 01, 02, 03 తోనో మొదలైతే ఆగండి. "ముందు రోజు రాత్రే పోవాలి" అని గట్టిగా పైకి చెప్పుకోండి. ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఆ ముందు రోజుకు సున్నా చుట్టండి.

టికెట్టు మీద ఇంకా ఏముంటాయి?

టైము 24 గంటల లెక్కలో ఉంటుంది. మనం దీన్ని రైల్వే టైము అంటాం. 12 దాటిన అంకె ఉంటే 12 తీసివేయండి. 22:00 అంటే రాత్రి 10. 13:30 అంటే మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

ఊరి పేరును మూడు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. హైదరాబాదుకు హెచ్, వై, డి. దుబాయికి డి, ఎక్స్, బి.

దిగే టైము పక్కన చిన్న కూడిక గుర్తు, ఒకటి అంకె ఉన్నాయా చూడండి. అంటే మరుసటి తారీకున దిగుతారని అర్థం.

విమానాలు ఎన్ని వరుసల్లో రాశారో లెక్కపెట్టండి. ఒక్క వరుస ఉంటే మధ్యలో విమానం మారే పని లేదు. రెండు వరుసలు ఉంటే మధ్యలో ఒక ఊళ్ళో దిగి ఇంకో విమానం ఎక్కాలి. ఆ మధ్య ఊళ్ళో ఎన్ని గంటలు ఆగాలో చూడండి. నాలుగు గంటల దుబాయి కూడా ఇట్లాంటి టికెట్టుతో పన్నెండు గంటలు కావచ్చు. టికెట్టు కొనకముందే ఏజెంటును అడగండి. "నేరుగా పోతుందా? మధ్యలో ఎక్కడ ఆగుతుంది? ఎన్ని గంటలు?" అని. అడగడానికి సిగ్గు పడవద్దు. డబ్బు మనది.

టికెట్టు మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒక్కటిగా ఉండాలి. ఒక్కొక్క అక్షరం వేలు పెట్టి సరిచూడండి.

గడప నుంచి గడపకు

గాలిలో నాలుగు గంటలే. కానీ మన గడప దాటింది మొదలు లెక్క వేస్తే అది చాలదు. పొద్దున 10 గంటల విమానం తీసుకోండి.

5 గంటలకు ఇల్లు వదలాలి. 7 గంటలకు విమానాశ్రయం చేరతారు. సాగనంపేవాళ్ళు బయటే ఆగిపోవాలి. టికెట్టూ పాస్‌పోర్టూ చూపించినవాళ్ళే లోపలికి పోతారు. సామాను తూచి ఇవ్వడం, పాస్‌పోర్టు మీద ముద్ర, ఒంటి తనిఖీ, వీటన్నిటికీ వరుసలు ఉంటాయి. 10కి విమానం కదులుతుంది. మన గడియారం ప్రకారం 2కు దిగుతుంది. అక్కడ మళ్ళీ పాస్‌పోర్టు వరుస, సామాను కోసం ఎదురుచూపు. బయటికి వచ్చేసరికి మన మూడున్నర కావచ్చు. మొత్తం పదిన్నర గంటలు.

ఈ లెక్క తెలిస్తే రెండు లాభాలు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు వాటిని పెద్ద సామానులో వేయకుండా చేతిసంచిలో పెట్టుకుంటారు. ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకుంటారు. ఇది ఒక లాభం.

ఇంట్లో ఉన్నవాళ్ళకు గాబరా తగ్గుతుంది. ఇది రెండో లాభం. విమానంలో మామూలు ఫోన్ మోగదు. దిగినా వెంటనే అక్కడి ఫోన్ దొరకకపోవచ్చు. "పదింటి నుంచి ఫోన్ లేదు, ఏమైందో" అని తల్లి ఏడుస్తూ కూర్చోవలసిన పని లేదు. మూడున్నర, నాలుగు దాకా ఆగాలి. ఆ తర్వాత కూడా కబురు రాకపోతే అప్పుడు వాకబు చేయాలి.

ఏ వేళకు ఫోన్ చేయాలి?

మనకు తెల్లవారుజామున 5 అయితే దుబాయిలో మూడున్నర. కువైట్‌లో రెండున్నర. ఎండలో పని చేసి వచ్చి పడుకున్న మనిషిని ఆ వేళ లేపవద్దు. దుబాయిలో రాత్రి 8 గంటలకు తీరిక దొరికితే మనకు అప్పుడు తొమ్మిదిన్నర. అది మంచి వేళ.

అమెరికాతో అయితే తారీకే మారిపోతుంది. చలికాలంలో షికాగో గడియారం మనకు పదకొండున్నర గంటలు వెనక. ఎండాకాలంలో పదిన్నర గంటలు వెనక. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు గడియారం ఒక గంట మారుస్తారు. గల్ఫ్ దేశాల్లో ఈ మార్పు లేదు. చలికాలంలో మనకు ఆదివారం పొద్దున ఏడున్నర అయితే షికాగోలో ఇంకా శనివారం రాత్రి 8.

తూర్పు దేశాలకు లెక్క తిరగబడుతుంది. సింగపూర్ మనకు తూర్పున ఉంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. పడమర వెనక, తూర్పు ముందు. పొద్దు పొడిచే దిక్కు ముందు అని గుర్తు పెట్టుకోండి.

మీ ఇంట్లో గానీ, తెలిసినవాళ్ళ ఇంట్లో గానీ పాత విమానం టికెట్టు ఉంటే చూడండి. తారీకు, టైము, ఊరి పేర్లు మీరే చదవండి. ఎన్ని గంటలు పట్టిందో లెక్క కట్టండి. రెండు మూడు సార్లు చేస్తే చేయి తిరుగుతుంది.

లెక్క చేయండి

1. హైదరాబాదులో పొద్దున 9 గంటలకు బయలుదేరిన విమానం మస్కట్‌లో అక్కడి 11 గంటలకు దిగింది. ఎన్ని గంటలు పట్టింది?

2. ఒక టికెట్టు మీద 20వ తారీకు 23:55 అని ఉంది. ఇంకో టికెట్టు మీద 20వ తారీకు 00:05 అని ఉంది. ఏ విమానానికి ఏ తారీకు రాత్రి ఇల్లు వదలాలి?

3. కువైట్‌లో రాత్రి 8 గంటలు. మన ఇంట్లో ఎన్ని గంటలు?

4. హైదరాబాదులో రాత్రి 11 గంటలకు బయలుదేరిన విమానం సింగపూర్‌లో మరుసటి రోజు పొద్దున అక్కడి 6 గంటలకు దిగింది. ఎన్ని గంటలు పట్టింది?

జవాబులు

1. మూడున్నర గంటలు.

2. మొదటి దానికి 20వ తారీకు రాత్రి. రెండో దానికి 19వ తారీకు రాత్రి.

3. రాత్రి పదిన్నర.

4. నాలుగున్నర గంటలు. సింగపూర్ గడియారం ముందు ఉంటుంది కాబట్టి అక్కడి టైములో రెండున్నర గంటలు తీసివేయాలి.